వేలికి ముందు నేర్పిన డాక్టరమ్మ

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. మర్నాటి నుంచి ఆ బియ్యం జోలికి పోం. పలక, పుస్తకం, చూచిరాత. చాలామందికి అది సరిపోతుంది. మూడో తరగతికొచ్చినా ‘ప’కూ ‘వ’కూ తేడా చిక్కని, రాసేటప్పుడు ఒత్తులు జారవిడిచే పిల్లలకు మాత్రం సరిపోదు. బియ్యంలో వేలు చేసే ఆ పనిని ఒక చదువుగా మలచినవారు ఇటలీ డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆడపిల్ల డాక్టరు చదవడం ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి నచ్చలేదు. తల్లి అండగా నిలిచారు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా అందుకుని, అక్కడి మానసిక వైద్యశాలలో పనికి కుదిరారు. ఆ పనిమీద పిచ్చాసుపత్రులకు వెళ్లాల్సి వచ్చేది. బుద్ధిమాంద్యం ఉందన్న పిల్లల్ని అప్పట్లో పెద్ద రోగులతో పాటే అక్కడ ఉంచేవారు. ఆమె జీవితకథల్లో తరచు కనిపించే సంగతి ఒకటుంది. భోజనాలయ్యాక పిల్లలు నేలమీద రొట్టె ముక్కలు ఏరుకుంటుంటే ఆయా అసహ్యించుకుంది. డాక్టరమ్మ మాత్రం గదంతా కలయజూశారు. ఆ పిల్లల చేతికి పట్టుకోవడానికి ఇంకో వస్తువే లేదు.

మందులతో అయ్యే పని కాదని ఆమెకు అనిపించింది. అలాంటి పిల్లలకు చదువు చెప్పిన ఇద్దరు ఫ్రెంచి వైద్యులు, ఇటార్, సెగాఁ, రాసిన పుస్తకాల్ని తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకున్నారు. అలా చేస్తే ఒక్క మాటా తొందరలో దాటిపోదని ఆమె నమ్మకం.

1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లల కోసం పెట్టిన బడికి ఆమె ఒక సంచాలకురాలు. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా తానే పాఠం చెప్పేవారు. చెక్కతో అక్షరాలు చేయించి, అచ్చులకు ఒక రంగు, హల్లులకు ఇంకో రంగు వేయించారు. పిల్లలు రాసే దిశలోనే వాటిమీద వేలు పోనిచ్చేవారు. కొందరు ఆ పిల్లలు మామూలు బడి పిల్లలతో పాటు పరీక్ష రాసి గట్టెక్కారు. జనం అద్భుతమన్నారు. ఆమెను వేరే ప్రశ్న వేధించింది: ఏ లోపమూ లేని పిల్లలు వీళ్లకంటే ముందుకు పోలేదంటే, వాళ్ల బడుల్లో ఏం జరుగుతోంది?

జవాబు వెతికే అవకాశం 1907 జనవరి 6న వచ్చింది. రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, అద్దె ఇళ్ల సముదాయంలోని ఒక గదిలో, సుమారు యాభైమంది చిన్నపిల్లల్ని ఆమెకు అప్పగించారు. మళ్లీ చెక్క అక్షరాలు చేయించబోతే చేసేవారు దొరకలేదు. అట్టమీద గరుకు కాగితం, అదే వడ్రంగులు వాడే ఉప్పుకాగితం, అక్షరాలుగా కత్తిరించి అంటించారు. ఆ ఇబ్బందే మేలు చేసింది. నున్నటి అట్టమీదికి వేలు జారితే దారి తప్పినట్టు పిల్లలకే తెలిసిపోయేది. ఒకరు వచ్చి తప్పని చెప్పనక్కర్లేదు. వేలు తిరుగుతుండగానే నోటితో ఆ అక్షరం ధ్వని పలికించేవారు. అక్షరం పేరు కాదు, ధ్వని. విడి కాగితపు అక్షరాలు బోలెడు ఉండటంతో వాటిని పేర్చి మాటలు కట్టేవారు.

డిసెంబరులో ఎండకాసిన ఒక రోజు పిల్లల్ని డాబామీదికి తీసుకెళ్లి, అయిదేళ్ల బాబుకి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. గీశాడు. మెచ్చుకునేసరికి, తనకు రాయడం వచ్చేసిందని కేకలేస్తూ నేలమీద ‘చెయ్యి’ అన్న మాట రాశాడు. ఆపైన ‘పొగగొట్టం’, ‘కప్పు’. అంతవరకు వాడు కలం పట్టి మాట రాసింది లేదు. చదవడం ఆ తర్వాత వచ్చింది.

డిస్లెక్సియా అన్న మాట 1887 నాటికే పుట్టింది. మాంటిస్సోరి బడి దాని వైద్యం కోసం పెట్టింది కాదు. ఆసుపత్రి పిల్లల కష్టాలూ వేరు. అయితే 1920, 30ల్లో అమెరికాలో ఆ పిల్లలతోనే పనిచేసిన డాక్టర్ శామ్యూల్ ఆర్టన్, టీచర్ ఆనా గిల్లింగ్‌హామ్ కూడా కన్ను, చెవి, చెయ్యి మూడింటినీ ఒకేసారి పనిలో పెట్టే పద్ధతికే వచ్చారు. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు లోటు తెలివిలో కాదు. ధ్వనికీ అక్షరానికీ ముడి పడటం దగ్గర. అందుకే పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే కష్టం పదింతలవుతుందే గాని ముడి పడదు. ‘బ’ కుదిరాక కొన్నాళ్లు ఆగి ‘భ’ చూపాలి. కర్ణాటకలో మన పిల్లలకు తెలుగు, కన్నడ లిపులు కవలల్లా కనిపిస్తాయి. రెండింటి ‘త’ ఒకేరోజు దిద్దించకపోవడం నయం. అట్ట, కత్తెర, జిగురు, ఒక షీటు ఉప్పుకాగితం ఉంటే ఆ అక్షరాలు ఇంట్లోనే తయారవుతాయి. గరుకుతనంతో పని అంతా అయిపోదు. నెలల తరబడి రోజూ కాసేపు కూర్చోవాలి.

పేరు దేశదేశాలకూ పాకింది. ముస్సోలినీ మొదట ఆదరించాడు. తర్వాత చెడింది, 1934లో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపుమీద కొడుకు మారియోతో కలిసి మద్రాసు అడయారు చేరారు. తాటాకు పాకల్లో సుమారు 300 మందికి పాఠం మొదలైంది. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లిషులోకి మార్చేవాడు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో తల్లీకొడుకులు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు. ఆమెను అడయారు దాటనివ్వలేదు. ఆ ఆగస్టులో, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజు కానుకగా, వైస్రాయి కొడుకును వదిలిపెట్టాడు. తర్వాత కొడైకెనాల్‌లో బడి నడిపారు. 1946లో వెళ్లి, మరుసటేడు మళ్లీ వచ్చారు.

1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో కన్నుమూశారు. ఆమె సమాధి అక్కడే ఉంది.