అమ్మ భోషాణంలో దొరికిన కమలాదేవి

మా అమ్మ పోయిన ఏడాదికి తెనాలిలో ఇల్లు అమ్మేశాం. అన్నయ్య నా వాటా నాకు పైసలతో సహా లెక్కకట్టి ఇచ్చాడు. ఆస్తి దగ్గర ఏ పేచీ రాలేదు. పేచీ వచ్చిందల్లా సామాన్ల దగ్గరే. అదైనా నాక్కావాలంటే నాక్కావాలని కాదు, మా ఇంట్లో చోటు లేదంటే మా ఇంట్లో చోటు లేదని! ఇత్తడి గంగాళం, గుండిగలు, నిలువెత్తు దీపపు సెమ్మెలు అన్నీ పాతసామాన్ల కొట్టులో తూకానికి వేసేశాం. పండగ రోజుల్లో అమ్మ మాకు తలంటు పోయడానికి నీళ్ళు కాచింది ఆ గంగాళంలోనే. కాటా ఎక్కేసరికి అది వట్టి కిలోల లెక్క అయిపోయింది.

భోషాణం మాత్రం ఎవరూ కొనలేదు. టేకుది, నలుగురు పడితేగాని కదలదు. చివరికి లారీ ఎక్కి హైదరాబాదులో మా ఫ్లాటుకి వచ్చింది. లిఫ్టులో పట్టక మూడంతస్తులూ మోయించాల్సి వచ్చింది. మావారి సణుగుడు సంగతి చెప్పక్కర్లేదు. తీరా తెరిచి చూస్తే దాని అడుగున, పెళ్ళిపీటలకి చుట్టి, పాత కలంకారీ బట్ట ఒకటి కనబడింది. మధ్యలో సీతారాముల కల్యాణం, చుట్టూ చిన్న చిన్న గడుల్లో రామాయణ కథ, ప్రతి బొమ్మ కిందా తెలుగులో రాత. నాకు పదేళ్ళప్పుడు, 1976లో, కాళహస్తి యాత్రకి వెళ్ళినప్పుడు అమ్మ కొన్నది. ఏటా శ్రీరామనవమికి దేవుడి వెనక కట్టేది.

మా అమ్మాయి అది చూసి ఎగిరి గంతేసింది. హాల్లో గోడకి పెడదామంది. ఇది ఎవరు వేశారు, ఎలా వేశారు అని అడిగింది. నాకు తెలియదు. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, కాళహస్తి కలంకారీ కథలో ఒక పేరు ఎదురైంది. కమలాదేవి చట్టోపాధ్యాయ. చిన్నప్పుడు పాఠాల్లో ఉప్పు సత్యాగ్రహం దగ్గర చదివి మరిచిపోయిన పేరు. ఆవిడకీ మా అమ్మ భోషాణానికీ ఏం సంబంధం? చదువుతూ పోతే అర్థమైంది.

ఇల్లు పోయిన పిల్ల

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో పుట్టారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ పెద్ద ప్రభుత్వోద్యోగి. తల్లి గిరిజాబాయి చదువంటే ఇష్టమున్న మనిషి. కలిగిన కుటుంబం, పెద్ద ఇల్లు. అక్క సగుణ అంటే కమలకి ప్రాణం. ఆ అక్క పెళ్ళయిన కొద్దికాలానికే, ఇంకా చిన్న వయసులోనే పోయింది.

కమలకి ఏడేళ్ళప్పుడు తండ్రి పోయారు. వీలునామా రాయలేదు. ఆ రోజుల్లో భార్యకిగానీ ఆడపిల్లకిగానీ ఆస్తిలో హక్కు లేదు కదా. ఇల్లూ వాకిలీ అన్నీ ఆయన మొదటి భార్య కొడుక్కి వెళ్ళిపోయాయి. గిరిజాబాయికి నెలకింత భరణం ఇస్తామన్నారు. నా ఇంట్లో నాకు భరణమేమిటని ఆమె ఆ డబ్బు ముట్టలేదు. పుట్టింటి వాళ్ళు తనకిచ్చిన దానితోనే కూతుర్ని పెంచుకుంది.

ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి దక్కింది. గిరిజాబాయి ఇల్లు కావాలనుకుంది, హక్కు లేకపోయింది. నాకు హక్కుంది, నేను తూకానికి వేసి వచ్చాను.

కమలాదేవికి 1917లో, పద్నాలుగేళ్ళకే పెళ్ళి చేశారు. రెండేళ్ళకల్లా భర్త పోయాడు. ఆ కాలంలో బాలవితంతువు బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మలు కథలు కథలుగా చెప్పేవారు. గిరిజాబాయి మాత్రం కూతుర్ని మూల కూర్చోబెట్టలేదు. చదువు మాన్పించలేదు. కమలాదేవి మద్రాసు వెళ్ళి క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. అక్కడే సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్‌తో పరిచయమైంది. కవి, నటుడు. వితంతువు మళ్ళీ పెళ్ళాడటమే కాక కులం కాని వాణ్ణి చేసుకుంటోందని ఊరంతా గగ్గోలు. అయినా చేసుకున్నారు. హరీంద్రనాథ్ వాళ్ళది హైదరాబాదులో స్థిరపడిన బెంగాలీ కుటుంబం. ఆయన తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్. అలా చూస్తే కమలాదేవి మన హైదరాబాదు కోడలే. ఒక కొడుకు పుట్టాడు. దంపతులిద్దరూ నాటకాలు వేస్తూ ఊళ్ళు తిరిగారు. కొన్నేళ్ళకి ఆ కాపురం నిలవలేదు. చట్టప్రకారం విడాకులు తీసుకున్నారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా?

ఉప్పు పొట్లాలతో వీధిలోకి

1926లో మద్రాసు శాసనసభకి పోటీ చేశారు. దేశంలో అలా ఎన్నికల్లో నిలబడ్డ మొదటి మహిళ ఆవిడే. కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడాది మొదలైన అఖిల భారత మహిళా సభకి కార్యదర్శిగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహమప్పుడు గాంధీగారు దండి యాత్రలోకి ఆడవాళ్ళని తీసుకోలేదు. కమలాదేవి ఆయన దగ్గరికి వెళ్ళి, ఉప్పు పోరాటంలో ఆడవాళ్ళనీ రానివ్వాలని వాదించి ఒప్పించారు. బొంబాయిలో ఉప్పు వండి, పొట్లాలు కట్టి, షేర్ మార్కెట్‌లోకి వెళ్ళి మరీ అమ్మారు. జైలుకి వెళ్ళారు.

ఆ తర్వాత సోషలిస్టు ఉద్యమం, మళ్ళీ మళ్ళీ జైళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక తోటివాళ్ళలో చాలామంది పదవుల్లోకి వెళ్ళారు. ఈవిడ దేశ విభజనతో నిలువనీడ లేకుండా వచ్చిన శరణార్థుల దగ్గరికి వెళ్ళారు. 1948లో భారతీయ సహకార సంఘం పెట్టి, ఢిల్లీ పక్కన ఫరీదాబాదులో వాళ్ళకి ఇళ్ళూ బతుకుతెరువూ ఏర్పడటానికి పాటుపడ్డారు. ఏడేళ్ళకి ఇల్లు పోయిన పిల్లకి ఇల్లు పోయినవాళ్ళ బాధ ఒకరు చెప్పాలా!

నట్టింట్లోకి తెచ్చిన మనిషి

అక్కడి నుంచే ఆవిడ జీవితంలో అసలు పని మొదలైంది. బతకడానికి చేతిపని కావాలి. చేతిపని నిలవాలంటే కొనేవాళ్ళు కావాలి. అప్పటికి మిల్లు గుడ్డ, యంత్రం మీద చేసిన సామాను ఊరూరా వచ్చేశాయి. జమీందార్లు పోయారు. గుళ్ళు మునుపటిలా పని చెప్పడం లేదు. నేతగాళ్ళు, కంచరులు, బొమ్మల పనివాళ్ళు కూలికి పోతున్నారు.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే కమలాదేవి దానికి అధ్యక్షులయ్యారు. ఢిల్లీలో కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నడిపే బాధ్యత అదే ఏడాది ఆవిడ సహకార సంఘానికి వచ్చింది. ఆవిడ దేశమంతా తిరిగారు. పల్లెల్లో పనివాళ్ళ ముంగిట కూర్చుని వాళ్ళ పని చూశారు. పట్నం ఇంట్లో ఇమిడేలా వాటినే మంచం మీదకి దుప్పటిగా, కిటికీకి తెరగా, బల్ల మీద పాత్రగా చేయించారు. జైపూరు నీలి మట్టిపాత్రల లాంటివి ఆవిడ చలవ వల్ల మళ్ళీ ఊపిరి పోసుకున్నాయి.

ఒక సంగతి మాత్రం ఆవిడ గట్టిగా పట్టుకున్నారు. కళ వేరు, రోజువారీ వాడకం వేరు అనే మాట ఒప్పుకోలేదు. నీళ్ళ బిందె అందంగా ఉండాలి, అందమైన బిందెలో నీళ్ళు ఉండాలి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే వస్తువు మిగులుతుందేమోగాని, చేసేవాడు మిగలడు.

ఇక మన కాళహస్తి. గుడిలో దేవుడి వెనక కట్టే తెరలు, పురాణ కథల బట్టలు కలంతో వేసే విద్య ఆ ఊరిది. 1950ల నాటికి ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. కమలాదేవి చొరవతో బోర్డు ఆ దశాబ్దం చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. పాత తరం పనిమంతులు జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు గురువు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు మరికొందరికి నేర్పారు. లక్ష్మయ్య గారి కుమారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 1976లో మా అమ్మ కాళహస్తిలో ఆ బట్ట కొనగలిగిందంటే, అమ్మడానికి అక్కడ వేసేవాళ్ళు మిగిలి ఉన్నారు గనుకనే.

ఆ పని ఎంతో తెలిస్తే బట్టని ముట్టుకునే తీరే మారిపోతుంది. ముందు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. లేకపోతే రంగు పాకిపోతుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్ళలో ఊరబెడితే నల్లరంగు తయారవుతుంది. వెదురుపుల్లకి గుడ్డ చుట్టిన కలంతో గీతలు దిద్దుతారు. ఎరుపు రావాలంటే పటిక పూసి, వేళ్ళ రంగులో ఉడకబెట్టాలి. మధ్య మధ్య పారే నీళ్ళలో ఉతకాలి. ఒక్క బట్టకి వారాలు పడుతుంది.

కమలాదేవికి 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసె అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1986లో ఆత్మకథ రాశారు. చివరిదాకా చేనేత చీర, వెండి నగలతోనే కనిపించేవారు. 1988 అక్టోబరు 29న బొంబాయిలో కన్నుమూశారు.

మన ఇంట్లో ఎలా?

పాత వస్తువు ఇంట్లో పెట్టుకోవాలంటే పెద్ద ఇల్లే అక్కర్లేదు. మా భోషాణం ఇప్పుడు హాల్లో కిటికీ కింద ఉంది. చెదలు లేకుండా చూసుకుని, నూనె పట్టించి, పైన చేనేత పరుపు వేశాం. లోపల దుప్పట్లు, పైన నలుగురు కూర్చునే చోటు. మావారు పేపరు చదివేది దాని మీదే! ఇత్తడి బిందె ఉంటే మూల నిలబెట్టి పూలకొమ్మలు పెట్టండి. చింతపండుతో తోమి వెంటనే తడి తుడవండి. కొండపల్లి బొమ్మలది తేలికైన పొణికి చెక్క. తడిగుడ్డ తగలనివ్వకండి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. కలంకారీని ఎండ పడే గోడకి పెట్టకండి, రంగు వెలుస్తుంది. ఉతకాల్సి వస్తే విడిగా, చన్నీళ్ళలో, కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరేయండి. దాచేటప్పుడు మడత పెడితే మడతల దగ్గర చిరుగుతుంది. కర్రకి నూలుగుడ్డ చుట్టి దాని మీద చుట్టండి.

అమ్మ బట్ట ఇప్పుడు హాల్లో, ఎండ తగలని గోడకి ఉంది. శ్రీరామనవమి రోజు దించి దేవుడి వెనక కడుతున్నాం. గంగాళం కోసం ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళాను. ఎప్పుడో కరిగించేశారట. అందుకే పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకుని కాళహస్తి వెళ్ళాను. దాని కొత్త ఇంటికని ఒక బట్ట వేయమని చెప్పి, బయానా ఇచ్చి వచ్చాం. రెండు నెలలు పడుతుందన్నారు. బేరం ఆడబోయిన నన్ను మా అమ్మాయే ఆపింది.