హెన్రీ మిల్లర్ (కార్మిక నాయకుడు)

హెన్రీ మిల్లర్ (1853 - 1896) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన లైన్‌మన్, కార్మిక నాయకుడు. నేడు ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ ఎలక్ట్రికల్ వర్కర్స్ అని పిలువబడుతున్న విద్యుత్ కార్మికుల సంఘానికి ఈయన వ్యవస్థాపకుడు, మొదటి అధ్యక్షుడు. విద్యుత్ పనివారికి క్రమమైన శిక్షణ లేని కాలంలో ఈయన జీవించాడు. చివరకు విద్యుత్ స్తంభం మీద పనిచేస్తూనే ప్రమాదానికి గురై మరణించాడు.

తొలి జీవితం

మిల్లర్ టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ సమీపంలో జన్మించాడు. ఇది జర్మన్ వలసదారులు స్థాపించిన పట్టణం. సరిహద్దు సైనిక కోటలను కలుపుతూ ప్రభుత్వం వేయిస్తున్న టెలిగ్రాఫ్ లైను పనిలో 1870 దశకం తొలి సంవత్సరాలలో కూలీలకు మంచినీళ్ళు అందించే కుర్రవాడిగా చేరాడు. స్తంభాలు పాతడం, తీగలు లాగడం అక్కడే చూసి నేర్చుకున్నాడు. తరువాత ఊరూరా తిరుగుతూ లైన్‌మన్‌గా పనిచేసి, 1886 లో సెయింట్ లూయిస్ నగరం చేరాడు.

ఆనాటి పని, శిక్షణ

టెలిగ్రాఫ్ తీగలలో ప్రవహించేది బ్యాటరీల నుండి వచ్చే స్వల్ప విద్యుత్తు. దానిని పొరపాటున తాకినా సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. 1880 దశకంలో వీధి దీపాల కొరకు వేల వోల్టుల తీగలు వచ్చాయి. చాలా నగరాలలో ఇవి, టెలిగ్రాఫ్ తీగలు ఒకే స్తంభాలపై చిక్కుపడి ఉండేవి. కాని స్తంభం ఎక్కేవారు మాత్రం పాత టెలిగ్రాఫ్ పనిలో చేయి తిరిగినవారే. 1889 అక్టోబరులో న్యూయార్కులో జాన్ ఫీక్స్ అనే టెలిగ్రాఫ్ లైన్‌మన్, నిరపాయకరం అనుకున్న తీగను పట్టుకొని, పట్టపగలు జనం చూస్తుండగానే ఆ తీగల మధ్య మరణించాడు. వేరొకచోట ఆ తీగకు ఎక్కువ వోల్టేజి గల తీగ తగిలి ఉన్నది.

కొత్తగా చేరినవాడు కింద నిలబడి పనిముట్లు అందిస్తూ, పైవాడు చేసేది చూసి నేర్చుకోవలసిందే. నేర్పేవానికి కూడా విద్యుత్తు సూత్రాలు తెలుసునన్న నమ్మకం లేదు. కొన్ని ప్రాంతాలలో లైన్‌మన్‌లలో సగం మంది పనిలోనే చనిపోయేవారని సంఘం చరిత్రలో చెప్పబడింది. గంటకు 15 నుండి 20 సెంట్లు మాత్రమే కూలి లభించేది.

సంఘ స్థాపన

1890 లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రదర్శనలో విద్యుద్దీపాల ఏర్పాటుకు అనేక నగరాల నుండి వైర్‌మన్‌లు, లైన్‌మన్‌లు వచ్చారు. (భవనాల లోపల తీగలు అమర్చేవారు వైర్‌మన్‌లు, స్తంభాలపై పనిచేసేవారు లైన్‌మన్‌లు.) ఏ ఊరి పనివాడు చెప్పినా కష్టాలు ఒకటే. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ సహాయంతో వీరు ఒక స్థానిక సంఘంగా ఏర్పడి మిల్లర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఒక్క నగరం సంఘం యజమానులను కదిలించలేదని గ్రహించిన మిల్లర్ ఇతర నగరాలకు బయలుదేరాడు. పనిముట్లు, మారు చొక్కా ఒక పాత సంచిలో వేసుకొని సరుకు రవాణా రైళ్ళలో ప్రయాణించేవాడు. చేరిన ఊరిలో పగలు కూలికి పనిచేసి, రాత్రి తోటివారిని సమావేశపరిచేవాడు. చికాగో, మిల్వాకీ, ఇండియానాపోలిస్ వంటి చోట్ల ఈ విధంగానే శాఖలు వెలిశాయి.

1891 నవంబరు 21 న సెయింట్ లూయిస్‌లోని ఒక నాట్యశాల మేడపై 10 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. వారి వెనుక ఉన్న సభ్యులు 286 మంది మాత్రమే. వారం రోజుల చర్చల అనంతరం నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ ఎలక్ట్రికల్ వర్కర్స్ ఏర్పడింది. మిల్లర్ అధ్యక్షుడిగాను, జె.టి.కెల్లీ కార్యదర్శి-కోశాధికారిగాను ఎన్నికయ్యారు. పిడుగులను పట్టుకున్న పిడికిలి సంఘ చిహ్నమయింది.

మరణం

1893 లో అధ్యక్ష పదవి నుండి వైదొలగిన మిల్లర్ మరల లైన్ పనికే వెళ్ళాడు. జాతీయ సంఘాన్ని నడిపినవాడు తిరిగి స్తంభం ఎక్కడం వింతగా తోచవచ్చును గాని, ఆయన జీవనాధారం అదే. వాషింగ్టన్‌లో లైన్‌మన్‌ల పెద్దగా ఉంటూ, 1896 జూలై 10 రాత్రి తుఫాను వల్ల దెబ్బతిన్న లైన్లను సరిచేస్తుండగా 2,200 వోల్టుల తీగ తగిలి స్తంభం పైనుండి పడిపోయాడు. ఆ గాయాలతోనే మరణించాడు. వాషింగ్టన్‌లోని గ్లెన్‌వుడ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

అనంతర పరిణామాలు

మరుసటి సంవత్సరం, 1897 లో, అమెరికాలో మొదటి జాతీయ విద్యుత్ నియమావళి వెలువడింది. అయితే దాని ప్రధాన దృష్టి భవనాలలోని అగ్నిప్రమాదాలపైనే గాని, స్తంభాలెక్కే పనివారిపై కాదు. కెనడా శాఖ చేరికతో 1899 లో సంఘం తన పేరును ఇంటర్నేషనల్‌గా మార్చుకున్నది. శిక్షణ విషయం కుదురుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. విద్యుత్ కాంట్రాక్టర్ల సంఘంతో కలిసి 1941 లో అప్రెంటిస్‌లకు జాతీయ ప్రమాణాలు రూపొందించారు. 1947 లో ఉమ్మడి శిక్షణ కమిటీ ఏర్పడింది. ఈ పద్ధతిలో భవనాల వైర్‌మన్ కాదలచినవారు సుమారు ఐదేళ్ళపాటు కూలి పొందుతూనే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో 8,000 గంటలు పనిచేసి, తరగతి గదిలో కనీసం 900 గంటలు చదువుకోవాలి.

మిల్లర్ సెయింట్ లూయిస్‌లో అద్దెకున్న ఇంటిని పునరుద్ధరించి, సంఘం 125 వ వార్షికోత్సవ సందర్భంగా 2016 లో మ్యూజియంగా ప్రారంభించారు.