ఏటీపీ వెనకున్న మన సుబ్బారావు గారు

టెన్త్‌లో ఏటీపీ అంటే కణానికి కరెన్సీ అని బట్టీ పట్టాను. దాన్ని కనిపెట్టిన వాళ్లలో ఒక తెలుగాయన ఉన్నారని ఇంజనీరింగ్‌కి వచ్చాకే తెలిసింది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి తీసుకెళ్లింది.

భార్యను ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టర్ పని, పగలు హార్వర్డ్‌లో చదువు. అక్కడ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తో కలిసి, ద్రావణం నీలిరంగు ఎంత చిక్కగా ఉందో చూసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తెచ్చారు. అది 1925లో అచ్చయింది. ఆ కొలతలే 1929లో ఏటీపీ దాకా తీసుకెళ్లాయి. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు.

ఇప్పుడు మా ఆర్మూర్‌కి రండి. పసుపు రేటు పడిపోయిందని ఫోన్‌లో వినగానే రైతు గుండె దడదడలాడుతుంది. మెదడులోంచి సీఆర్‌హెచ్ అనే హార్మోన్ బయల్దేరి, బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి కణాల మీదున్న రిసెప్టర్లకి అతుక్కుంటుంది. అది లోపలికి పోదు, తలుపు తడుతుందంతే. అప్పుడు కణం లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారై ఆ కబురు మోస్తుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ వదుల్తుంది, కిడ్నీల మీదున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ వదుల్తాయి. ఆ కార్టిసాలే తిరిగొచ్చి పిట్యూటరీలో సీఆర్‌హెచ్ రిసెప్టర్లను తగ్గిస్తుంది. తలుపులు తగ్గితే కబుర్లూ తగ్గుతాయి. మన సీఎస్ఈ వాళ్ల భాషలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్.

ఇందులో సైక్లిక్ ఏఎంపీ సంగతి సుబ్బారావు గారికి తెలిసే అవకాశం లేదు. సైక్లిక్ ఏఎంపీని సదర్లాండ్ బయటపెట్టింది 1950లలో, దానికి నోబెల్ వచ్చింది 1971లో. హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం దొరక్క 1940లో లెడర్లీ కంపెనీకి మారిన ఈయన, 1948లో 53 ఏళ్లకే పోయారు. మళ్లీ ఇండియా చూడలేదు. నోబెల్ రాలేదు.

కానీ లెడర్లీలో ఆయన టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. తర్వాత స్ప్రూ రోగులకి ఇచ్చిన మందుల్లో అదొకటి. సోదరుడికి అందనిది లోకానికి అందింది. నాకు అవార్డు లెక్కకన్నా ఈ లెక్కే పెద్దదనిపిస్తుంది.