పేరు చెక్కని పతకం: వేలూరు వైద్యురాలు ఐడా స్కడ్డర్

వేలూరు పేరు వినగానే సరిహద్దు గ్రామాల వారికి కోట కంటే ముందుగా ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. చిత్తూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలలో ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కని కుటుంబం అరుదు. దానిని స్థాపించిన డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్‌కు నాటి బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది. యూరపు దేశాల సైనిక, పౌర పతకాలను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. అటువంటి వారు నేటికీ ఆసక్తితో వెదికే పతకాలలో ఇది ఒకటి.

విక్టోరియా రాణి 1900వ సంవత్సరం ఏప్రిల్‌లో ఈ పతకాన్ని నెలకొల్పారు. భారతదేశంలో ప్రజాసేవ చేసిన వారికి జాతి, స్త్రీ పురుష భేదం లేకుండా దీనిని ఇవ్వవచ్చునని నిర్ణయించారు. అందువల్లనే అమెరికా దేశీయురాలైన ఐడాకు కూడా ఇది లభించింది. అండాకారపు బిళ్ళ, దాని మధ్య రాజచిహ్నం, ముదురు నీలిరంగు పట్టీ దీని గుర్తులు. దక్షిణాఫ్రికాలో చేసిన సేవలకు గాంధీజీకి 1915లో ఈ పతకం లభించింది. 1920లో ఆయన దానిని ప్రభుత్వానికి తిరిగి పంపివేశారు. 1947తో ఈ పతక ప్రదానం నిలిచిపోయింది.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇరువురూ మిషనరీ వైద్యులు. పసితనంలోనే ఆమె భయంకరమైన కరువును, ఆకలితో అలమటించే పిల్లలను కళ్ళారా చూశారు. తరువాత అమెరికా వెళ్ళి చదువుకుంటున్న రోజులలో, తిరిగి ఈ దేశానికి వచ్చి స్థిరపడాలనే కోరిక ఆమెకు ఏమాత్రమూ లేదు. 1890లో తల్లి జబ్బుపడడంతో, కొంతకాలం తోడుగా ఉండి వెళ్ళిపోవాలని మాత్రమే దిండివనం వచ్చారు.

అక్కడ ఒక రాత్రి ఆమె జీవితాన్ని మార్చివేసింది. ప్రసవవేదన పడుతున్న భార్యను కాపాడమని మొదట ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి ప్రాధేయపడ్డాడు. తన తండ్రి వైద్యుడని, ఆయనను తీసుకువెళ్ళమని ఐడా చెప్పారు. పరపురుషుడు స్త్రీకి వైద్యం చేయడం తమ ఆచారానికి విరుద్ధమని అతడు వెనుదిరిగాడు. ఆ తరువాత ఒక ముస్లిం గృహస్థు, మరికొంత సేపటికి ఇంకొక హిందువు అదే వేడుకోలుతో వచ్చి, అదే విధంగా వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. చూలింత ప్రాణం పోవడానికి వ్యాధి ఒక్కటే కారణం కాదనీ, స్త్రీ వైద్యులు లేకపోవడమూ కారణమేననీ గ్రహించిన ఐడా తాను వైద్యురాలు కావాలని నిశ్చయించుకున్నారు.

ఆమె 1899లో అమెరికాలోని కార్నెల్ వైద్య కళాశాల నుండి పట్టం పొందారు. ఆ కళాశాల స్త్రీలను చేర్చుకున్న తొలి తరగతి అది. న్యూయార్క్‌కు చెందిన షెల్ అనే ధనికుడు తన భార్య స్మృత్యర్థం ఇచ్చిన పదివేల డాలర్ల విరాళంతో ఆమె 1900లో తిరిగివచ్చారు. కొద్ది నెలలకే తండ్రి మరణించారు. అయినా వెనుకాడక, వేలూరులోని బంగళాలో ఒక చిన్న గదిలోనే వైద్యం ఆరంభించారు. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలసింది.

ఆసుపత్రికి రాలేని వారి సంగతి ఏమిటన్న ప్రశ్న ఆమెను గుడియాత్తం బాట పట్టించింది. పలమనేరు కొండల నుండి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం నేత లుంగీలకు, అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుగాంచింది. వేలూరు నుండి సుమారు 35 కిలోమీటర్ల దూరం. ఆ రోజులలో పల్లెవాసులు రోగిని మోసుకుని అంత దూరం రావడం సాధ్యమయ్యే పని కాదు. 1909 ప్రాంతంలో ఐడా మందులపెట్టెలతో మోటారు బండిలో ఈ మార్గాన వెళ్ళసాగారు. చెట్ల నీడన బండి ఆపి పుండ్లు కడిగి, కళ్ళు పరీక్షించి, మందులు ఇచ్చేవారు. గుర్రం గాని ఎద్దు గాని లేకుండా కదిలే ఆ బండిని చూసి మొదట భయపడిన జనమే తరువాత దాని రాక కోసం బాట పక్కన బారులు తీరి ఎదురుచూశారు. నేడు గ్రామ వైద్యమని మనం చెప్పుకునే పద్ధతికి ఈ ప్రాంతంలో అది ఒక తొలి అడుగు.

ఒక్క మనిషి ఎందరిని కాపాడగలదు? ఈ దేశపు ఆడపిల్లలనే వైద్యులుగా తీర్చిదిద్దాలని ఆమె సంకల్పించారు. దరఖాస్తు చేసేవారే ఉండరని మద్రాసు వైద్యాధికారి సందేహించారు. కాని 1918లో బాలికల వైద్య పాఠశాల తెరిచినప్పుడు 151 దరఖాస్తులు వచ్చాయి. ప్రభుత్వ పరీక్షలో పురుష విద్యార్థులలో అధికులు తప్పగా, ఐడా శిష్యురాండ్రు అందరూ ఉత్తీర్ణులయ్యారు. ప్రభుత్వం పాత వైద్య పట్టాను రద్దు చేసి ఎం.బి.బి.ఎస్. తప్పనిసరి చేసినప్పుడు సంస్థ మూతపడే ప్రమాదం ఏర్పడింది. డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో ఐడా అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి నిధులు సేకరించారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయ్యాయి. 1947 నుండి పురుషులకూ ప్రవేశం లభించింది.

ఆ తరువాత సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినవారు 1890లో విశాఖపట్నంలో జన్మించిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ కావడం తెలుగువారికి గర్వకారణం. ఆమె కూడా కైసర్-ఇ-హింద్ పతక గ్రహీతయే. స్వతంత్ర భారత ప్రభుత్వం 1961లో ఆమెను పద్మశ్రీతో సత్కరించింది.

ఐడా 1960 మే నెలలో కొడైకెనాల్‌లో తుదిశ్వాస విడిచారు. ఆమె వివాహం చేసుకోలేదు. ఆమె ప్రారంభించిన క్రైస్తవ వైద్య కళాశాల, ఆసుపత్రి నేడు దేశంలోని అగ్రశ్రేణి సంస్థలలో ఒకటి.

పతకాల సేకరణలో తెలుసుకోదగిన విషయం ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలకు ఇచ్చిన పతకాల అంచు మీద సంఖ్య, పేరు, దళం చెక్కి ఉంటాయి. కైసర్-ఇ-హింద్ పతకం మీద సాధారణంగా గ్రహీత పేరు ఉండదు. ప్రదానపత్రం, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు తోడులేకపోతే అది ఎవరి గుండెపై మెరిసిందో చెప్పడం కష్టం.  వేలూరు, చిత్తూరు ప్రాంతాల నుండి సైన్యంలో చేరినవారు అనేకులు. పెద్దల పతకం ఏదైనా ఇంటి పెట్టెలో ఉంటే, దానితోపాటు వారి పేరు, ఊరు, చేసిన పని ఒక కాగితం మీద వ్రాసి భద్రపరచడం వారసుల విధి. ఐడా పేరును లోకం మరువకపోవడానికి కారణం ఆ బిళ్ళ కాదు, గుడియాత్తం బాట పక్కన చెట్ల నీడన ఆమె చేసిన వైద్యం.