ఏనుగుల వీరాస్వామయ్య

ఏనుగుల వీరాస్వామయ్య (సుమారు 1780 - అక్టోబరు 3, 1836) మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన తెలుగువాడు, యాత్రికుడు, కాశీయాత్ర చరిత్ర గ్రంథకర్త. 1830-31లో మద్రాసు నుండి కాశీకి పోయి తిరిగి వచ్చిన పదిహేను నెలల ప్రయాణాన్ని ఆయన మజిలీల వారీగా వ్రాసిపెట్టాడు. తెలుగు వచనంలో వెలువడిన తొలి యాత్రా రచనలలో ఇది ముఖ్యమైనది. తీర్థాల మహిమ కన్నా దారి, నీరు, నీడ, తిండి వంటి విషయాలకు ఈ పుస్తకంలో ఎక్కువ చోటు దక్కింది. నేడు దీనికి ఉన్న విలువ కూడా చాలావరకు అందువల్లనే.

బాల్యము, ఉద్యోగము

వీరాస్వామయ్య మద్రాసులోని నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు సామయమంత్రి. తొమ్మిదేళ్ళ వయసుకే తండ్రిని కోల్పోయిన ఈ బాలుడు పన్నెండేళ్ళకే ఇంగ్లీషు బాగా నేర్చుకొన్నాడు. కొంతకాలానికే తిరునల్వేలిలో దుబాసీ పనికి కుదిరాడు. తరువాత మద్రాసు చేరి, చివరకు సుప్రీంకోర్టులో ఆ ఉద్యోగపు పెద్ద స్థానానికి ఎదిగాడు. ఒకరి మాటను మరొకరికి పొల్లు పోకుండా అందించడమే దుబాసీ వృత్తి. ఆయన వ్రాతలో కనిపించే నిలకడ, విన్నదానినీ చూసినదానినీ వేరుగా ఉంచే అలవాటు ఈ వృత్తి నుండి వచ్చినవేనని అనుకోవచ్చు.

ప్రయాణపు తీరు

1830 మే 18న వీరాస్వామయ్య మద్రాసు నుండి బయలుదేరాడు. మద్రాసులో తొలి రైలుబండి నడవడానికి ఇంకా ఇరవై ఆరేళ్ళు ఉంది. ఇంటివారు, పరిచారకులు, బోయీలు కలిసి వెంట ఉన్నవారు సుమారు వంద మంది. ఆయన మేనాలో కూర్చున్నా పరివారంలో ఎక్కువ మంది నడిచేవారే గనుక ప్రయాణం కాలినడక వేగంతోనే సాగింది. ఊరు పెద్దదైతే సత్రంలో, లేకుంటే తోపులో గుడారాలు వేసుకొని విడిది చేసేవారు.

వంద మందికి ప్రతిరోజూ బియ్యము, కట్టెలు, మంచినీళ్ళు, తల దాచుకొనే చోటు కావాలి. ఒక్క మజిలీ లెక్క తప్పినా అందరూ పస్తు ఉండవలసినదే. అందుకే ఊరి పేరు చెప్పగానే అక్కడ అంగళ్ళు ఉన్నవా, నీటి వసతి ఎలాంటిది, బాట ఇసుకా, రాయా, రేగడా అన్న సంగతులు వరుసగా వస్తాయి. చదువరికి కొన్నిచోట్ల విసుగు పుట్టే మాట నిజమే. కాని తరువాత అదే దారిన పోయేవానికి పనికి వచ్చేవి ఈ వాక్యాలే.

నల్లమలలో కొండదారి

తిరుపతి, కడప, అహోబిలము మీదుగా వచ్చిన వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు నుండి శ్రీశైలానికి ఎక్కాడు. ఇది పూర్వపు యాత్రికుల కాలిబాట. నాగలూటి వద్ద అడవి కొండలలో ప్రవేశించి, పెద్దచెరువు మీదుగా భీముని కొలనుకు చేరుతుంది. అక్కడ లోయలోకి రాతిమెట్ల మీదుగా దిగి, అవతలి గట్టు ఎక్కి కైలాసద్వారం దాటితే శ్రీశైలము.

ఈ బాటకు ప్రాణం పెద్దచెరువు. వేసవిలో నల్లమల వాగులు ఎండిపోతాయి. కొండల నడుమ నీరు నిలిచే ఈ చెరువు గట్టునే యాత్రికులు వండుకొని, రాత్రి విశ్రమించేవారు. అడవిలో దారి చూపడానికి, కాపుగా ఉండడానికి చెంచులే దిక్కు. వీరాస్వామయ్య చెంచుల సంగతిని కూడా తన గ్రంథంలో చేర్చాడు.

అప్పట్లో ఆ ప్రాంతం కందనూరు (కర్నూలు) నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికులు నవాబు మనుషులకు పన్ను కట్టనిదే కొండకు పోరాదు. సొమ్ము ఇంత వసూలవుతున్నా గుడికి, యాత్రికులకు దక్కుతున్న సౌకర్యం తక్కువేనని వీరాస్వామయ్య గమనించాడు. 1839లో ఈస్టిండియా కంపెనీ నవాబును తొలగించి కర్నూలును స్వాధీనం చేసుకొన్నది.

నల్లమల పడమటి అంచున సాగే ఈ దారి పల్నాడును తాకదు. శ్రీశైలం దాటిన కృష్ణ దిగువకు పారి మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల పొలిమేరగా సాగుతుంది. వీరాస్వామయ్య మాత్రం ఎగువనే నది దాటి హైదరాబాదు వైపు మళ్ళాడు. 1980లలో శ్రీశైలం జలాశయం నిండడంతో ఆ ఎగువ తీరంలోని సంగమేశ్వరం మొదలైన చోట్లు ముంపులో కలిసిపోయాయి. కొండబాట మిగిలింది. శివరాత్రికి, ఉగాదికి భక్తులు నేటికీ ఈ దారిన నడుస్తారు. ఇది పులుల అభయారణ్యం కావడం వలన అటవీశాఖ అనుమతి అవసరం.

కాశీ, తిరుగు ప్రయాణము

హైదరాబాదు నుండి నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు మీదుగా ప్రయాగకు, అక్కడి నుండి కాశీకి చేరాడు. గయ, పాట్నా, కలకత్తా చూసుకొని, గంగ మీద కొంత దూరం పడవలలో గడిపి, జగన్నాథం మీదుగా తూర్పు కోస్తా వెంట దిగివచ్చాడు. 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరేసరికి పదిహేను నెలల పదిహేను రోజులు గడిచాయి.

ఆయన కోస్తా వెంట నడిచిపోయిన మరుసటి ఏడే గుంటూరు సీమను నందన కరువు (1832-33) పట్టింది. డొక్కల కరువుగా జనం చెప్పుకొన్నది దీనినే. అప్పటి గుంటూరు జిల్లాలో పల్నాడు కూడా భాగమే. జిల్లా జనాభాలో పెద్ద భాగం చనిపోగా, ఎన్నో ఊళ్ళు పాడుపడినాయి. కరువుకు ముందు కోస్తా ఊళ్ళు ఎలా ఉండేవో తెలుసుకోగోరే చరిత్రకారులకు ఈ పుస్తకం అరుదైన ఆధారం.

గ్రంథము

ప్రయాణంలో ఉండగా వీరాస్వామయ్య తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు సంగతులను వ్రాసి పంపేవాడు. భాష ఆనాటి వాడుక తెలుగు. ఉర్దూ, ఇంగ్లీషు మాటలు ధారాళంగా కలుస్తాయి. కావ్యభాష వాడకపోవడం ఆనాటి పండితులకు లోపంగా తోచవచ్చు గాని, వ్యవహార భాష చరిత్రకు అదే మేలు చేసింది. వీరాస్వామయ్య 1836లో మరణించగా, శ్రీనివాసపిళ్ళె ఈ వ్రాతలను 1838లో అచ్చు వేయించాడు. రెండవ కూర్పు 1869లో వచ్చింది. ఆ తరువాత చాలాకాలం ప్రతులు దొరకలేదు. 1941లో దిగవల్లి వేంకటశివరావు విపులమైన పీఠికతో, వివరణలతో మూడవ కూర్పును వెలువరించాడు.