శ్రీమతి బెర్తా బెంజ్

మోటారు బండిని నిర్మించిన కార్ల్ బెంజ్ పేరు మన విద్యార్థులలో ననేకులు వినియుందురు. కాని ఆ బండిని మొట్టమొదట దూరప్రయాణమునకు నడపి, దారిలో నరిగిపోయిన బ్రేకును బాగుచేయించుకొని, బిడ్డలతో క్షేమముగా గమ్యము చేరినది ఆయన భార్య యని యెరిగినవారు కొందరే. ఆ యిల్లాలి చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

బెర్తా రింగర్ జర్మనీ దేశములోని ఫోర్జ్‌హైమ్ పట్టణమున 1849వ సంవత్సరము మే 3వ తేదీన జన్మించెను. తండ్రి వడ్రంగము నేర్చి, గృహనిర్మాణపు పనులవలన ధనవంతుడయ్యెను. ఆమె పుట్టినపుడు మరల ఆడపిల్లయే కలిగెనని ఆయన కుటుంబపు బైబిలు గ్రంథములో విచారముతో వ్రాసికొనెననియు, కొంత పెద్దదైన పిమ్మట ఆ బాలిక దానిని చదివి మిక్కిలి నొచ్చుకొనెననియు చెప్పుదురు. ఆ కాలమున బాలికలకు పై చదువుల ద్వారములు మూయబడి యుండెను. అయినను యంత్రముల సంగతులు వినుటయందు ఆమెకు చిన్ననాటినుండియు ఆసక్తి మెండు.

కార్ల్ బెంజ్ అను పేద యంత్రశిల్పితో ఆమెకు వివాహము నిశ్చయమయ్యెను. మాన్‌హైమ్ నగరములోని అతని కర్మాగారము, భాగస్వామి నమ్మదగినవాడు కానందున, మునిగిపోవు స్థితిలో నుండెను. బెర్తా తన వివాహమునకై తండ్రి యుంచిన ధనమును ముందుగానే అడిగి తీసికొని, ఆ భాగస్వామి వాటాను కొనిపించెను. 1872 జూలై 20వ తేదీన వారి వివాహము జరిగెను. తరువాత అనేక సంవత్సరములు దంపతులు లేమి ననుభవించిరి. 1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి వారి యింజను మొదటిసారి చక్కగా నడిచెను. 1886 జనవరి 29వ తేదీన, మూడు చక్రముల మోటారు బండికై కార్ల్ పేటెంటు కోరెను. దానికై వెచ్చింపబడిన ధనములో పెద్దభాగము భార్యదే యైనను, పత్రము మాత్రము భర్త పేరిటనే యుండెను.

బండి సిద్ధమైనను కొనువారు కానరాలేదు. కార్ల్ నిపుణుడే గాని, తన వస్తువును లోకమునకు చూపుటలో జంకు గలవాడు. అందుచే బెర్తా ఒక సాహసమునకు పూనుకొనెను. 1888 ఆగస్టు నెలలో ఒక ప్రాతఃకాలమున, భర్తకు ముందుగా తెలుపక, 15 ఏండ్ల యూజెన్‌ను, అతని తమ్ముడు రిచర్డును వెంటగొని, ఆమె మాన్‌హైమ్ విడిచెను. వారి గమ్యము తల్లిగారి ఊరైన ఫోర్జ్‌హైమ్. దూరము సుమారు 100 కిలోమీటర్లు. అంతకు ముందు ఏ మోటారు బండియు అంత దూరము పోయి యెరుగదు.

దారిలో పెట్రోలు అమ్ము స్థలములు లేవు. వీస్‌లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమున, మరకలు తీయుటకు విక్రయించు లిగ్రోయిన్ అను ద్రవమును కొని యింజనులో పోసికొనిరి. నూనె గొట్టము మూసికొనిపోగా ఆమె తన టోపీసూదితో దానిని శుభ్రపరచెను. నిప్పురవ్వనిచ్చు తీగ ఒరసికొనగా మేజోళ్లపట్టీని దానికి చుట్టెను. గొలుసు సాగిపోగా కమ్మరిచే బాగుచేయించెను. ఎగుడు దారులయందు బండి లాగలేకపోగా దిగి నెట్టిరి.

ఎక్కుటకంటె దిగుటయే అపాయకర మయ్యెను. బండిని నిలుపుటకు ఆ దినములలో చెక్కదిమ్మెలే బ్రేకు. మీటను లాగినపుడు అవి ఒత్తుకొని, ఒరిపిడిచే వేగము తగ్గించును. పల్లములలో మాటిమాటికి ఒరయుటచే ఆ చెక్క అరిగి, పట్టు తప్పెను. ముందు పల్లపు దారి, బండిలో ఇద్దరు బిడ్డలు. బెర్తా కలవరపడక, బౌష్లోట్ అను గ్రామమున చెప్పులు కుట్టువానిని పిలిచి, దిమ్మెలపై తోలు దిగగొట్టించెను. తోలు అరిగినను చెక్క నిలుచును. తోలును మరల వేయవచ్చును. మోటారు బండి బ్రేకునకు వేయబడిన మొదటి పొర అదియే యని చెప్పుదురు. సాయంకాలమునకు వారు గమ్యము చేరి, కార్ల్‌కు తంతివార్త పంపిరి. కొన్ని దినములకు అదే బండిలో ఇంటికి తిరిగివచ్చిరి. ఎగుడు నెక్కుటకు మరియొక గేరు కావలెనని ఆమె భర్తకు తెలుపగా, ఆయన అట్లే అమర్చెను.

ఈ యాత్ర వలన బండికి ప్రఖ్యాతి కలిగెను. 1929లో కార్ల్ మరణించెను. బెర్తా లాడెన్‌బర్గ్ పట్టణమున జీవించి, 95వ జన్మదినము గడచిన రెండవ నాడు, 1944 మే 5వ తేదీన కన్నుమూసెను. ఆమె నడచిన దారి 2008లో ఆమె పేరిట స్మారకమార్గముగా ప్రకటింపబడినది.

నేటి కార్లలో చెక్కకు బదులుగా చక్రముతో తిరుగు ఇనుప డిస్కును, దానిని ఇరువైపుల నొత్తు ప్యాడ్లును గలవు. అయినను నియమము మారలేదు: బండిని నిలుపునది తాను అరుగక తప్పదు, అరిగినదానిని వేళకు మార్చనివాడు అపాయమును కోరి తెచ్చుకొనును. మన పెద్దలలో కొందరు వెనుక చక్రముల డిస్కులను ఇంటివద్దనే మార్చుకొనుచుందురు. ఆ పనికి బలముకంటె క్రమము ముఖ్యము. సమతలమున బండి నిలిపి, ముందు చక్రములకు అడ్డులు పెట్టి, పిదపనే చేతిబ్రేకు విడువవలెను. జాకీని మాత్రమే నమ్మక దృఢమైన స్టాండ్లపై బండిని నిలుపవలెను. విప్పిన క్యాలిపరును రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. బ్రేకు ధూళిని నోటితో నూదరాదు. డిస్కు కూర్చుండు తావున తుప్పును శుభ్రముగా గీకవలెను. కుడియెడమల రెండు డిస్కులను, ప్యాడ్లను ఒక్కసారే మార్చవలెను. పని ముగిసిన పిమ్మట, బండి కదల్చుటకు ముందే, పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కవలెను. ఈ చివరి సంగతి మరచినచో మొదటి మలుపుననే ప్రమాదము కలుగవచ్చును.

బాలబాలికలారా! బండిని పరుగెత్తించినవారిని లోకము పొగడును. పరుగెత్తు బండి నిలుచునా లేదా యని ముందుగా చూచుకొనువారిని తరచుగా మరచును. బెర్తా బెంజ్ ఆ రెండు పనులను చేసెను. మీరు ఏ వృత్తి నవలంబించినను, అరిగినదానిని చూచు కన్నును, దానిని వెంటనే సరిచేయు చేతిని అలవరచుకొనుడు.