గనుల గాలిని పరిశీలించిన వైద్యుడు

ఖనిజశాస్త్ర పితామహుడిగా ప్రసిద్ధికెక్కిన జార్జియస్ అగ్రికోలా 1494 మార్చి 24న జర్మనీలోని శాక్సనీ ప్రాంతంలో జన్మించాడు. ఆయన అసలు పేరు గియోర్గ్ బౌవర్. జర్మన్ భాషలో బౌవర్ అంటే కర్షకుడు. నాటి పండితుల ఆచారాన్ని అనుసరించి ఆయన తన పేరును లాటిన్‌లోకి మార్చుకొన్నాడు. లైప్‌జిగ్‌లో చదువు ముగించి, ఇటలీలో వైద్యశాస్త్రం అభ్యసించాడు.

1527లో అగ్రికోలా యోఅఖిమ్స్‌టాల్ పట్టణంలో వైద్యుడిగా చేరాడు. నేటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఆ కొండ ఊరు అప్పట్లో వెండి గనులకు పేరుపొందింది. అయితే ఆ వెండిని తవ్వి తీసిన కార్మికులు ఊపిరితిత్తుల వ్యాధితో కృశించిపోయేవారు. రోగులకు మందులిచ్చి పంపడంతో ఆయన తృప్తిపడలేదు. స్వయంగా గనులకు వెళ్లి, అక్కడి పనిని, పనిముట్లను, గాలిని శ్రద్ధగా పరిశీలించాడు.

ఆ పరిశీలన ఫలితమే 'డె రె మెటాలికా' అనే పన్నెండు భాగాల లాటిన్ గ్రంథం. గని ధూళి ఊపిరితిత్తులను తినివేస్తుందనీ, కార్పాథియన్ గనుల ప్రాంతంలో ఏడుగురు భర్తలను ఈ వ్యాధికి కోల్పోయిన స్త్రీలు ఉన్నారనీ ఆయన అందులో వ్రాశాడు. గనులలో దయ్యాలుంటాయన్న నాటి నమ్మకాన్ని ఆయన కూడా వదలలేదు. అయినా నివారణను మాత్రం యంత్రాలలోనే వెదికాడు. గనిలోనికి మంచి గాలిని పంపే పంకాలను, కొలిమితిత్తులను బొమ్మలతో సహా వివరించాడు. ముఖానికి ముసుగు ధరించాలని సూచించాడు. 1555 నవంబరు 21న ఆయన కెమ్నిట్జ్‌లో కన్నుమూశాడు. గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది.

ధూళితోపాటు ఆ గనులలో మరో శత్రువు దాగి ఉందని ఆయనకు తెలియదు. యురేనియం ఉన్న శిలల నుండి రేడాన్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 1879లో శాక్సనీలోని ష్నేబెర్గ్ గని కార్మికుల వ్యాధి ఊపిరితిత్తుల కేన్సరని వైద్యులు గుర్తించారు. 1988లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ రేడాన్‌ను కేన్సర్ కారకంగా నిర్ధారించింది. ఇండ్లలో అది ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్‌లను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది.

నేటికీ రేడాన్‌కు ప్రధానమైన విరుగుడు గాలి ప్రసారమే. కారణం పూర్తిగా తెలియకపోయినా, కార్మికుని ప్రాణం వెండికన్న విలువైనదని నమ్మి మార్గం చూపినవాడు అగ్రికోలా. ఆ మార్గం చట్టాలుగా మారడానికి శతాబ్దాలు పట్టింది.